రూపమొకరిది, వాక్కొకరిది: జోన్ బారీ నటజీవితము

అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించిరి గాని, ఈ నాలుగింటిని ఒక్కరే వహింపవలెనని మన దేశపు ప్రదర్శనకళలు పట్టుపట్టలేదు. తోలుబొమ్మలాటలో ఆడునది బొమ్మ. పలుకువాడు తెరవెనుకనున్న ఆటగాడు. చూచువారికి ఆ సంగతి తెలియును. తెలిసియే వారు సీతను సీతగాను, రావణుని రావణునిగాను గ్రహింతురు. ఇంగ్లండు దేశపు నాటకరంగమున సంప్రదాయము వేరు. అచట కంఠమే నటుని సొత్తు. పేరుగాంచిన నటుని దలచుకొనునపుడు మొదట జ్ఞప్తికి వచ్చునది అతడు పలికిన తీరే. అట్టి దేశమున వాక్చిత్రము పుట్టిన దినములలో ఒక కథానాయికకు రూపమును ఒక నటియు, వాక్కును వేరొక నటియు సమకూర్చిరి. వాక్కు నొసగిన నటి పేరు జోన్ బారీ. ఆ చిత్రమున ఆమె ముఖము గానరాదు. ఆమె పేరును గానరాదు. ఆమె చిత్రజీవితము పండ్రెండేండ్లకు మించినది కాదు. ఐనను బ్రిటిషు వాక్చిత్రములు మొదట ఏ కంఠమును గోరెనో, ఏ కంఠములను ద్రోసివేసెనో తెలియగోరువారికి ఈ నటి చరిత్రమంత యుపకరించునది అరుదు.

జోన్ బారీ 1901 సంవత్సరమున లండను నగరమున జనించెను. ఇది వృత్తికై గ్రహించిన నామము. పుట్టింటి పేరు ఐనా బెల్. 1922లో ఆర్నల్డ్ బెన్నెట్ నవల ననుసరించి ఎ. వి. బ్రాంబుల్ దర్శకత్వమున వెలువడిన 'ది కార్డ్' అను చిత్రమున ఆమె మొదట గానవచ్చినది. పిదప 1925లో 'ది హ్యాపీ ఎండింగ్', 1928లో 'ది రైజింగ్ జెనరేషన్' మున్నగువానిలో వేషములు వేసెను. ఇవన్నియు మూకచిత్రములు. ఆ కాలమున లండను నటులు పగలు స్టూడియోలోను, రాత్రి నాటకశాలలోను పనిచేయుట సామాన్యముగా నుండెడిది. రాత్రి కంఠముతో బ్రదుకువారు పగలు పెదవులు మాత్రము గదల్చి కూలి తెచ్చుకొనెడివారు. ఆ పెదవుల కదలికకు అర్థము చెప్పుటకు తెరపై అక్షరముల పలకలు వచ్చెడివి. కావున 1928 వరకు జోన్ బారీ కంఠమెట్టిదో చిత్రప్రేక్షకులకు తెలియు నవకాశమే లేదు.

1928 సెప్టెంబరులో 'ది జాజ్ సింగర్' అను అమెరికా చిత్రము లండనున ప్రదర్శింపబడినది. అంతకు ముందటి సంవత్సరమే బ్రిటిషు పార్లమెంటు స్వదేశచిత్రములను కొంతపాలు తప్పక ప్రదర్శింపవలెనని శాసనము చేసియుండెను. నిర్మాణము పెరిగినది, పెట్టుబడి పెరిగినది. సరిగా నా సమయముననే మాటాడు చిత్రము వచ్చి, చేతిలోనున్న మూకచిత్రముల విలువను సగము చేసినది. ఎల్‌స్ట్రీలోని బ్రిటిష్ ఇంటర్నేషనల్ పిక్చర్సు సంస్థ కధిపతియైన జాన్ మాక్స్‌వెల్ ఇక నాలసింపరాదని తలచెను. అప్పుడా సంస్థలో ఇరువది తొమ్మిదేండ్ల ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్, చార్లెస్ బెన్నెట్ రచించిన 'బ్లాక్‌మెయిల్' నాటకమును మూకచిత్రముగా దీయుచుండెను. మొదట నందు చివరిభాగమునకు మాత్రమే ధ్వని చేర్చుటకు నిశ్చయించిరి. దర్శకుడు ఇట్టి మార్పు వచ్చునని ముందే యూహించి, తరువాత మాటలు చేర్చుటకు వీలుగా పని నడపుకొనెను. ఆర్. సి. ఏ. సంస్థవారి ధ్వనియంత్రములు దిగిన వెంటనే అనేక దృశ్యములను మరల దీసి, చిత్రమును వాక్చిత్రముగా మార్చెను. 1929 జూనులో దానిని చిత్రవ్యాపారులకు ప్రదర్శించిరి. తొలి బ్రిటిషు వాక్చిత్రమని దానిని ప్రకటించిరి, నేటికిని అట్లే చెప్పుకొందురు. ఆ ప్రతిష్ఠకు పోటీవచ్చు చిత్రములు అదే సంవత్సరమున వేరును గలవు. ఐనను పూర్వపు మూకపద్ధతియు నూతన ధ్వనిపద్ధతియు ఒకే కథలో ఇంత స్పష్టముగా ఎదురెదురుగ నిలిచిన చిత్రము వేరొకటి లేదు.

కథానాయికయైన ఆలిస్ వైట్ వేషము ధరించినది ఆనీ ఓండ్రా. ఆమె 1902లో, నాడు ఆస్ట్రియా హంగరీ సామ్రాజ్యములోనిదై నేడు పోలండులోనున్న టార్నోవ్ నగరమున ఒక చెకు కుటుంబమున జన్మించినది. చెకు దేశమునను, జర్మనీయందును ఆమెకు గొప్ప పేరు. 1929లోనే విడుదలయిన 'ది మాంక్స్‌మన్' అను హిచ్‌కాక్ మూకచిత్రమున ఆమె మాన్ ద్వీపపు పిల్లగా నటించి మెప్పుపొందెను. మూకచిత్రమునకు దేశమెల్లలు లేవు. ప్రాగు నగరపు నటి లండను బాలికయైనను, బెర్లిను నటుడు పారిసు దొరయైనను అడ్డుపెట్టువారు లేరు. ధ్వనియంత్రము వచ్చిన మరుక్షణమున ఆ స్వాతంత్ర్యము పోయినది. ఆలిస్ వైట్ చెల్సీ పేటలో వార్తాపత్రికలు, పొగాకు అమ్ము చిన్న అంగడివాని కూతురు. ఆనీ ఓండ్రా ఆంగ్లమును ధారాళముగానే మాటాడగలదు గాని ప్రతి మాటయందును మధ్యైరోపా పలుకుబడి వినబడును. ఆమె కంఠమును పరీక్షించుటకు దీసిన చిన్న ఫిల్ముతునక నేటికిని భద్రముగా నున్నది. అందులో హిచ్‌కాక్ ఆమె ప్రక్కన నిలిచి చిలిపి ప్రశ్నలు వేయుచుండును. ఆమె నవ్వు నాపుకొనలేక ముఖము త్రిప్పుకొనును. ఆ తునకను జూచువారికి ఆమె కంఠము వికృతమైనదని తోచదు. ఆ పేటకు, ఆ అంగడికి అది చెల్లదు, అంతే.

నేడైనచో ముందు బొమ్మను దీసి, పిదప వేరొకరిచేత మాటలు పలికించి అతుకుదురు. 1929 వసంతమున ఆ వీలు లేదు. బొమ్మయు ధ్వనియు ఏకకాలమున ఎక్కవలసినదే. కెమెరా చేయు చప్పుడు మైక్రోఫోనున బడకుండుటకు దానిని గాజుకిటికీగల చిన్నగదిలో మూసి యుంచెడివారు. కావున హిచ్‌కాక్ చేసిన యేర్పాటిది. ఆనీ ఓండ్రా దీపముల నడుమ నిలిచి పెదవులు గదల్చుచు నటించును. కెమెరా చూపునకు అందని చోట, ఆమెకు చేరువలోనే, తన ఎదుట ప్రత్యేకముగా నొక మైక్రోఫోను నుంచుకొని జోన్ బారీ ఆ మాటలను పలుకును. ఎదుటిపాత్ర ధరించిన జాన్ లాంగ్‌డెన్ గాని, సిరిల్ రిచర్డ్ గాని చూచునది ఒక స్త్రీని. వినునది మరియొక స్త్రీని. బదులు చెప్పవలసినది ఇద్దరికిని గలిపి.

ఈ పని ఎంత క్లిష్టమైనదో కొంచెము తరచి చూడవలెను. మన దేశమున 1935లో కలకత్తా న్యూ థియేటర్సువారు ప్రవేశపెట్టిన నేపథ్యగానమునకును దీనికిని పోలికయే గాని సామ్యము లేదు. నేపథ్యగానమున పాట ముందే రికార్డయి యుండును. దానిని విని నటి పెదవులు గదల్చును. తప్పినచో మరల బాట వేసి మరల నటించును. పాటకు తాళమున్నది, ఆ తాళమే యిద్దరిని కలుపు సూత్రము. మాటకు తాళము లేదు. జోన్ బారీ ఆనీ ఓండ్రా పెదవులను జూచి పలికిన, పలుకు వెనుకబడును. ఆనీ ఓండ్రా జోన్ బారీ పలుకు విని పెదవులు గదల్చిన, పెదవులు వెనుకబడును. ఇద్దరును ఒకే శ్వాసతో నుండవలెను. అందువలన ఆ చిత్రమున నాయిక మాటలు పొట్టివి, నెమ్మదియైనవి, నడుమ నడుమ విరామము గలవి. చిత్రకారుని గదిలో నాయిక చుట్టును వస్తువులు జూచుచు, తేలికగా నవ్వుచు పలుకు మాటలను శ్రద్ధతో వినినచో, మాట పుట్టుటకు ముందొక లవలేశమాత్రమైన సందేహము తోచును. ఆ సందేహమును యంత్రలోపమని కొట్టివేయుట తగదు. ఎవరో తెలియని పురుషుని గదికి రాత్రివేళ వచ్చిన బాలిక మనస్సున నుండవలసిన బెదురే అది.

ఇక కంఠపు గుణమును గూర్చి చెప్పవలెను. ఆనీ ఓండ్రా పలుకు ఆలిస్ వైట్‌కు తగదనుట నిజమే. కాని జోన్ బారీ పలుకు తగినదా? ఆమెది నాటకశాలలో దిద్ది తీర్చిన ఉచ్చారణము. అచ్చులు సాగవు, హకారములు జారవు, పదాంతములు మ్రింగుడుపడవు. చెల్సీ పేట పొగాకంగడివాని కూతురు అట్లు పలుకదు. లండనులో పది వీధులు తిరిగినవాని కెవనికైనను ఈ సంగతి తెలియును. పరదేశపు యాసను తొలగించి దాని చోట పైతరగతి యాసను నిలిపిరి. మొదటిది ప్రేక్షకుల చెవికి దోషముగా దోచినది, రెండవది దోషముగా దోపలేదు. చిత్రమునందలి పొరుగింటి స్త్రీ, ఉదయము అంగడికి వచ్చి హత్యను గూర్చి వాగుడుకాయవలె మాటాడునామె, నిక్కమైన లండను వీధిభాషనే పలుకును. అది హాస్యమునకు పనికివచ్చినది. నాయికకు మాత్రము కూడదు.

సంస్కృతనాటకములయందు నాయికకును, చేటికిని, విదూషకునకును ప్రాకృతములు విధింపబడినవి. రాజు సంస్కృతమున బలుకగా శకుంతల శౌరసేనిలో బదులు చెప్పుట ఎవరికిని వింతగా దోచలేదు. ఎల్‌స్ట్రీలో ఆ న్యాయము తలక్రిందైనది. పాత్రకు తగిన భాష ఏది, నాయికకు తగిన భాష ఏది అను రెండు ప్రశ్నలు ఒకటి కావు. తెలుగున పాత్రోచితభాషను గూర్చి జరిగిన వాదప్రతివాదముల నెరిగినవారికి ఈ చిక్కు క్రొత్తది గాదు.

ఈ చిక్కువలన నష్టపోయినవారిలో మేబెల్ పూల్టన్ ముఖ్యురాలు. ఆమె తూర్పు లండనులోని బెత్నల్ గ్రీన్ పేటలో బుట్టినది. 1928లో ఏడ్రియన్ బ్రూనెల్ దీసిన 'ది కాన్‌స్టెంట్ నింఫ్' అను మూకచిత్రమున ఐవర్ నొవెల్లో సరసన నటించి బ్రిటిషు తారలలో అగ్రశ్రేణి నందుకొన్నది. ధ్వని వచ్చిన పిదప ఆమెకు పుట్టుకతో వచ్చిన కాక్నీ పలుకు అడ్డమై నిలిచినది. కొద్దిపాటి వాక్చిత్రములతో ఆమె చిత్రజీవితము ముగిసెను. ఆనీ ఓండ్రా లండను పిల్ల కాదు గనుక ఆమె గొంతు లండను పిల్ల వేషమునకు పనికిరాలేదు. మేబెల్ పూల్టన్ లండను పిల్లయే గనుక ఆమె గొంతును పనికిరాలేదు. ఇద్దరికిని నడుమ తెరచియుంచిన ఇరుకుదారిలో జోన్ బారీ ప్రవేశించినది. అది ఆమె చేసిన యపరాధము గాదు. ఆ దారిని ఏర్పరచినవారు నిర్మాతలును, నాటకశాలలలో తరతరములుగా చెవులు దిద్దుకొన్న ప్రేక్షకులును.

'బ్లాక్‌మెయిల్' కథ నెరుగనివారికై దానిని ఇచట సంగ్రహముగా జెప్పుట యవసరము. ఆలిస్‌ను ప్రేమించినవాడు ఫ్రాంక్ అను పోలీసు డిటెక్టివు. అతనితో కలహించి, ఆమె ఒక చిత్రకారుని వెంట అతని గదికి పోవును. అతడు ఆమెను బలాత్కరింప బోవగా, చేతికి అందిన రొట్టెకోయు కత్తితో ఆమె అతని జంపును. హత్యను విచారింప వచ్చిన ఫ్రాంకునకు అచట ఆమె చేతితొడుగు దొరకును. అతడు దానిని దాచును. రెండవ చేతితొడుగు దొరికిన ట్రేసీ అను దుర్మార్గుడు వారిని బెదరించి సొమ్ము లాగజూచును. తుదకు పోలీసులు ట్రేసీనే హంతకుడని తరుమగా, అతడు బ్రిటిషు మ్యూజియము గోపురముపైనుండి పడి చచ్చును. ఆలిస్ నిజము చెప్పుకొనుటకు స్కాట్లండు యార్డునకు వచ్చును. చెప్పబోవు క్షణమున టెలిఫోను మ్రోగును. అధికారి ఆమె మాట వినుటను ఫ్రాంకునకే అప్పగించును. అతడామెను బయటకు గొనిపోవును. ఆమె చెప్పదలచిన మాట చెప్పబడదు.

హత్య జరిగినది మొదలు నాయిక ఎంత తక్కువ మాటాడునో గమనింపవలెను. రాత్రియంతయు లండను వీధులలో ఆమె మౌనముగా దిరుగును. వీధిలో బిచ్చగాని చాచిన చేయి జూచి ఆమె నోరు తెరచుటయు, చిత్రకారుని శవమును జూచిన ఇంటియజమానురాలి కేక వినబడుటయు ఒక్కసారి జరుగును. అచట నోరొకరిది, కేక వేరొకరిది. ఉదయమున ఫలాహారపు బల్లయొద్ద పొరుగింటి స్త్రీ మాటలన్నియు గుసగుసగా అణగిపోయి, కత్తి అను మాట యొక్కటి మాత్రము మరల మరల స్పష్టముగా ఆలిస్ చెవిని బడును. ఆ మాట తగిలి ఆమె చేతిలోని కత్తి ఎగిరి పడును. ధ్వనిని ఇంత తెలివిగా వాడిన దృశ్యము ఆ యేట వేరొక చిత్రమున దుర్లభమని విమర్శకులు దీనిని కొనియాడుచు వచ్చిరి. ఆ కీర్తియంతయు దర్శకునకే చెందినది. ఐనను ఆ దృశ్యమున నాయిక కేవలము వినుచున్నదనియు, అందుచేత అచట ఆనీ ఓండ్రా ఎవరి సాయమును లేక నటించు నవకాశము గలిగినదనియు చెప్పవలసియున్నది. ఇద్దరు స్త్రీలను ఒక్క పాత్రగా గూర్చుటలోని శ్రమ మాటలను తగ్గించినది. మాటలు తగ్గుట పాత్ర మనస్సునందలి బరువును హెచ్చించినది. చెప్పదలచినది చెప్పలేని స్త్రీ కథ యిది. తెరపైనున్న నటికి మాటలేదు, మాటగల నటికి తెరపై చోటులేదు. దర్శకుడు ఈ పొందికను కోరి తెచ్చెనో, యంత్రము తెచ్చిపెట్టినదో వేరుపరచుట వ్యర్థము.

జోన్ బారీ పేరును చిత్రారంభమున జూపు పట్టికలో చేర్పలేదు. ఆనీ ఓండ్రా పేరు మాత్రమే ప్రకటించిరి. తోలుబొమ్మలాటగానిని దాచవలసిన యవసరము ఊరి ప్రేక్షకులకు లేదు. వాక్చిత్రపు అంగడిలో మాత్రము నాయిక రెండు ముక్కలని తెలిసిన సరకు చెడునని భయము. ఈ భయము ఒక్క ఇంగ్లండునకే చెందినది గాదు. 1949లో వెలువడిన 'మహల్' అను హిందీ చిత్రపు ప్రసిద్ధగీతమునకు వచ్చిన మొదటి గ్రామఫోను రికార్డుపై లతా మంగేష్కర్ పేరునకు బదులు చిత్రములోని పాత్ర పేరే అచ్చువేసిరి. గాయనులకు కాలక్రమమున ఆ గౌరవము దక్కినది. జోన్ బారీ చేసిన పనిని గూర్చి హిచ్‌కాక్ స్వయముగా ఫ్రాన్సు దర్శకుడు ఫ్రాన్స్వా త్రుఫోతో సంభాషించుచు చెప్పెను. ఆ సంభాషణములు 1966లో గ్రంథరూపమున వెలువడి నలుదెసల వ్యాపించినవి.

ఆనీ ఓండ్రా ఇంగ్లండు విడిచిపోయెను. ఆమె కంఠమునకు వచ్చిన లోటేమియు లేదనుటకు తరువాతి చరిత్రయే సాక్షి. 1930లో కారెల్ లామాచ్‌తో గలిసి బెర్లినులో స్వంత చిత్రసంస్థను నెలకొల్పి, జర్మను, చెకు భాషలలో వాక్చిత్రములు పెక్కు నటించి, ప్రజానురాగమును చూరగొన్నది. 1933లో మల్లయోధము వంటి ముష్టియుద్ధమున లోకప్రసిద్ధుడైన మాక్స్ ష్మెలింగును వివాహమాడెను.

జోన్ బారీకి తన ముఖముతో తన మాటను జోడించు నదృష్టము అదే 1929లో 'అట్లాంటిక్' చిత్రమున లభించినది. మంచుకొండకు దగిలి మునుగు మహానౌక కథ యిది. నౌక పేరు చెప్పకున్నను టైటానిక్ ఎవరికిని మరపునకు రాదు. జర్మను దర్శకుడు ఇ. ఎ. డూపాన్ దీనిని ఎల్‌స్ట్రీలోనే ఆంగ్లమున ఒకసారి, జర్మనున మరియొకసారి, వేరువేరు నటులతో దీసెను. వాక్చిత్రమునకు గలిగిన భాషాసంకటమునకు ఇది రెండవ చికిత్స: ఒక నటికి వేరొకరి గొంతు నతుకుటకు బదులు, చిత్రమునే రెండుమారులు తీయుట. వ్యయము హెచ్చు, మోసము తక్కువ. ఆంగ్లరూపమున మాటకును మాటకును నడుమ దీర్ఘవిరామములు వచ్చి నేటి ప్రేక్షకునకు విసుగు గొల్పును. పరభాషను వినుటయందు శ్రద్ధగల దర్శకుడు ప్రతి పదమును విడిగా వినగోరినట్లుండును. జోన్ బారీ పాత్ర చిన్నది. ఆమె తోడినటి మాడెలీన్ కారల్ తరువాత అమెరికాకు బోయి గొప్ప తారయయ్యెను.

1931లో హారీ లాక్‌మన్ దీసిన 'ది ఔట్‌సైడర్' చిత్రమున జోన్ బారీకి ప్రధానవేషము దక్కినది. నడువలేని యువతి, ఆమెకు చికిత్స చేయబూనిన, వైద్యపట్టములేని వైద్యుడు. హెరాల్డ్ హుత్ ఆ వైద్యుడుగా నటించెను. వైద్యులసంఘపు పట్టా గలవానికే మాటాడు నర్హత, లేనివానికి లేదు అను వాదము కథలో నడచును. చెల్సీ పిల్లకు బొత్తుగా అతుకని ఆమె కంఠము ఇచట సంపన్నగృహపు బాలికకు సరిగా నమరినది.

అదే సంవత్సరపు తుదిని హిచ్‌కాక్ 'రిచ్ అండ్ స్ట్రేంజ్' చిత్రమున ఆమెను నాయికగా దీసికొనెను. గొంతుమాత్రముగా తన చిత్రమున ప్రవేశించిన నటిని రెండేండ్లకు నిండుమూర్తితో తెరపై నిలిపినవాడు ఆయనయే యగుట గమనింపదగినది. డేల్ కాలిన్సు వ్రాసిన కథకు ఆల్మా రెవిల్, వాల్ వాలెంటైనులు చిత్రానువాదము సిద్ధపరచిరి. చిత్రనామము షేక్స్పియరు 'టెంపెస్ట్' నాటకములోని పాటనుండి గైకొన్నది. ఫ్రెడ్ అను లండను గుమస్తాయు, అతని భార్య ఎమిలీయు దినదినమును ఒకే తీరున గడచు కాపురముతో విసిగియుందురు. ముఖ్యముగా విసిగినవాడు ఫ్రెడ్. పినతండ్రి వారసత్వపు సొమ్మును బ్రదికియుండగనే పంపుటతో దంపతులు పారిసు, పోర్ట్ సయీదు, కొలంబో, సింగపూరుల మీదుగా నౌకాయాత్ర చేయుదురు. త్రోవలో ఇరువురును వేరొకరి వలలో బడుదురు. ఫ్రెడ్ రాకుమారినని చెప్పుకొనిన మోసకత్తెకు ధనమర్పించును. ఎమిలీని నిజముగా ప్రేమించినవాడు గోర్డన్ అను మర్యాదస్థుడు. ఆమె ఆతనిని విడిచి భర్తయొద్దకే మరలును. తిరుగుప్రయాణమున నౌక మునుగును. చీనా పడవవారు వారిని గాపాడుదురు. ఇల్లు చేరిన పిదప మరల జగడమే.

ఈ చిత్రమును మూకచిత్రమునకును వాక్చిత్రమునకును నడుమ దిగబడిన బండియని చెప్పవచ్చును. ఆరంభమున గుమస్తాల గొడుగుల హాస్యమంతయు మాటలేకయే నడచును. నడుమ నడుమ అక్షరపు పలకలును వచ్చును. వ్యాపారదృష్టితో అది పరాజయము పొందినది. ఐనను అందలి ఎమిలీ పాత్ర హిచ్‌కాక్ తొలినాళ్ల స్త్రీపాత్రలలో మిక్కిలి సజీవమైనది. ఓడమీద రాత్రివేళ ఆమె గోర్డనుతో ప్రేమను గూర్చి మాటాడు ఘట్టమొకటి గలదు. ప్రేమ ధైర్యము నీయదు, పిరికితనమునే ఇచ్చును. సంతోషమున్నను పోవునేమోయని భయము, దుఃఖమున్నచో అది రెండింతలు, అని ఆమె భావము. ఆ మాటలను జోన్ బారీ గొంతు నెత్తక, ఉపదేశమువలె గాక, అప్పుడే తనకు దోచినట్లు పలుకును. ఇచటను ఆమె ఉచ్చారణము గుమస్తా భార్యకు మించినదే. కాని ముఖము తోడుగా నున్నందున చెవి ఆ హెచ్చును క్షమించును: కనుబొమలు, పెదవి చివర, మాట ముగిసిన పిదప నిలుచు చూపు, ఇవి పలుకును నేలకు దింపును. 'బ్లాక్‌మెయిల్'లో ఆ పలుకునకు ఇట్టి యాధారము లేకపోయినది. అదే కంఠము, అదే దర్శకుడు. భేదము వాచికమునకు ఆంగికము తోడగుటయందే యున్నది. హిచ్‌కాక్ ప్రతిభను మెచ్చుకొన్న వ్రాతలలో ఈ నటికి రెండు పంక్తులకంటె హెచ్చు దొరకకుండుట న్యాయము గాదు.

1932 ఆమెకు మిక్కిలి పని దొరకిన సంవత్సరము. సెయింట్ జాన్ ఎర్విన్ నాటకమును బట్టి దీసిన 'ది ఫస్ట్ మిసెస్ ఫ్రేజర్'లో హెన్రీ ఐన్లీ వంటి నాటకరంగపు ప్రముఖునితో నటించెను. 'సాలీ బిషప్'లో ప్రధానపాత్ర ధరించెను. వాల్టర్ ఫోర్డ్ దర్శకత్వమున గామంట్ బ్రిటిష్‌వారు దీసిన 'రోమ్ ఎక్స్‌ప్రెస్' వీనిలో ప్రసిద్ధమైనది. పారిసునుండి రోమునకు పోవు రైలుబండిలో, దొంగిలింపబడిన యొక వర్ణచిత్రము చుట్టు దిరుగు కథ యిది. కాన్రాడ్ వైట్ ప్రతినాయకుడు. జోన్ బారీది భర్తకు దెలియక ప్రియునితో రహస్యముగా ప్రయాణించు వివాహిత పాత్ర. ప్రియుడు మరల హెరాల్డ్ హుత్. ఈ బండిలో డోనల్డ్ కాల్‌త్రాప్ కూడ గలడు: 'బ్లాక్‌మెయిల్'లో ఆలిస్‌ను బెదరించిన ట్రేసీ ఆయనయే. నాడు ఆనీ ఓండ్రా ముఖమును జూచుచు జోన్ బారీ మాటకు బదులు చెప్పినవాడు, మూడేండ్లకు జోన్ బారీయే తెరపైనున్న చిత్రమున ఆమెతోబాటు బండి యెక్కెను.

1933లో హెన్రీ ఆర్థర్ జోన్స్ రచించిన పాతనాటకము 'మిసెస్ డేన్స్ డిఫెన్స్' చిత్రరూపము దాల్చినది. నాయిక జోన్ బారీ. గతమును దాచి, వేరొక స్త్రీ పేరుతో సంఘమున మర్యాదగా బ్రదుకజూచిన వనిత కథ అది. న్యాయవాది ప్రశ్నపై ప్రశ్న వేసి ఆమె మాటలలోనే ఆమెను పట్టుకొనుట అందలి ప్రధానఘట్టము. దర్శకుడు ఎ. వి. బ్రాంబుల్, పదునొకండేండ్ల క్రిందట 'ది కార్డ్' మూకచిత్రమున ఆమెకు వేషమిచ్చినవాడు. దీనితో ఆమె చిత్రజీవితము కడముట్టవచ్చినది. 1934లో వివాహమాడి వృత్తిని మానెను. ఆ సంబంధము నిలువక, 1936లో బ్యాంకరు హెన్రీ టియార్క్‌స్‌ను మరల వివాహమాడెను. 1989లో స్పెయిను దేశపు మార్బెల్లా నగరమున మరణించెను. ఆనీ ఓండ్రా అంతకు రెండేండ్ల ముందు, 1987లో గతించినది.

ఆమె కీర్తికి మరియొక యడ్డంకి పేరువలన వచ్చినది. 1943లో అమెరికాలో చార్లీ చాప్లినుపై నడచిన పితృత్వవివాదమున వాదిగా నిలిచిన యువతి పేరును జోన్ బారీయే. ఆ వ్యాజ్యపు కోలాహలమున ఆ నామము పత్రికల కెక్కి, బ్రిటిషు నటిని గూర్చి వెదకువారికి ముందుగా ఆ వివాదమే ఎదురగును. ఇరువురకును ఎట్టి సంబంధమును లేదు.

'బ్లాక్‌మెయిల్' వాక్చిత్రముగానే గాక మూకచిత్రముగాను విడుదలయినది. 1929లో ధ్వనియంత్రములు గల సినిమాశాలలు కొద్ది. కావున బ్రిటనులో పలుచోట్ల ప్రజలు చూచినది మూకరూపమే. దానిని 2012లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూటువారు హిచ్‌కాక్ తక్కిన మూకచిత్రములతోబాటు శ్రమించి పునరుద్ధరించిరి. అందులో ఆనీ ఓండ్రా ఎవరి మాటకును కాచుకొనక, తన వేగమున దాను నటించును. చూపునకును పెదవికిని నడుమ వాక్చిత్రమున దోచు సందేహము అచట లేదు. రెండు రూపములను ప్రక్కప్రక్కన బెట్టి, చిత్రకారుని గదిలోని ఘట్టమును మొదట మూకరూపమునను, పిదప ధ్వనిరూపమునను చూచినచో, జోన్ బారీ కంఠము ఆ నటనకు ఏమి చేర్చెనో, ఏమి తీసివేసెనో మాటమాటకు వేరుపరచి చూచుకొనవచ్చును.